జర్మినేషన్ పేపర్‌తో కలుపు నీళ్ళ పరీక్ష: కాగితం మంచిదే, ఫలితం చదవడంలోనే తిరకాసు

ఖాకీ రంగు, చేత్తో తడిమితే తెలిసే సన్నటి ముడతలు, రాత్రంతా నీళ్ళలో నానినా చిరగని గట్టిదనం. విత్తనాల ల్యాబుల్లో జర్మినేషన్ పేపర్ అనీ టవల్ పేపర్ అనీ పిలిచే సరుకు ఇదే. గింజల మొలక శాతం తేల్చడానికి చేసిన కాగితం. దీంతో ఇంకో పని కూడా అవుతుంది. వయ్యారిభామ, తుంగ, గరిక లాంటి కలుపు మొక్కలు వదిలే రసాయనాలు వరి, జొన్న, మొక్కజొన్న, సజ్జ గింజల మీద ఏ మేరకు దెబ్బ కొడతాయో, కలుపు మొక్కను నానబెట్టి తీసిన నీళ్ళతో (ఇక్కడ కలుపు నీళ్ళంటే అవే) ఈ కాగితం తడిపి ఇంట్లోనే చూసుకోవచ్చు. ఈ సమీక్ష ఆ రెండో పనికి ఈ కాగితం ఎంతవరకు పనికొస్తుందన్న దాని గురించే. కంపెనీల పేర్ల జోలికి పోవడం లేదు. ఒకే కంపెనీ కట్టల మధ్యే తేడాలుంటాయి కాబట్టి పేరు చూసి కొనడం వల్ల ఒరిగేది తక్కువ.

మార్కులు ముందే: 5కి 4. వేరును ఇంత తేటగా చూపించే సాధనం ఈ ధరలో ఇంకోటి లేదు. పోయిన ఆ ఒక్క మార్కులో సగం కాగితం నాణ్యతది, సగం దాని మీద వచ్చిన ఫలితాన్ని పొలానికి అలాగే అంటగట్టే అలవాటుది.

కలుపంటే నీళ్ళూ ఎరువూ వెలుతురూ లాక్కునే మొక్క అనే మనకు తెలుసు. ఒక మొక్క వదిలిన రసాయనం పక్క మొక్క మీద పనిచేయడం ఇంకో సంగతి. ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త హాన్స్ మోలిష్ 1937లో దానికి అల్లెలోపతి అని పేరు పెట్టాడు. ఆ రసాయనం బయటికొచ్చే దారులు నాలుగు. ఆకుల మీద పడ్డ వాన కడిగి నేలకు దించుతుంది, వేర్లు నేరుగా వదులుతాయి, తెగిపడ్డ ఆకూ కాడా కుళ్ళి వదులుతాయి, కొన్ని ఆవిరై పోతాయి. విత్తే రోజుల్లో మనకు ఎక్కువ లెక్కలోకి వచ్చేవి వాన కడిగిందీ, కుళ్ళినదీ. వయ్యారిభామలో ముఖ్యమైనది పార్థెనిన్, ఆకు మీది సన్నటి నూగులో ఉంటుంది. దానికి తోడు ఫెరులిక్, కెఫిక్, వెనిలిక్ లాంటి ఫినాలిక్ ఆమ్లాలు.

గింజ నీళ్ళు పీల్చుకోగానే ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్ లోపలి పిండిని చక్కెరగా మార్చి మొలకకు అందిస్తుంది. ఈ రసాయనాలు ఆ పనిని మందగింపజేస్తాయి. వేరు కొసలో కణాలు చీలడం తగ్గుతుంది, కణాల పొరలు దెబ్బతిని లోపలి లవణాలు బయటికి కారతాయి. అందుకే చాలాసార్లు గింజ చావదు, వెనకబడుతుంది. మొలక శాతం ఒక్కటే చూసేవాళ్ళకు ‘ఏమీ కాలేదు’ అనిపిస్తుంది. వేరు చూస్తే కథ వేరు. మొక్కజొన్నలో రెండు రోజులు వెనకబడ్డ మొక్క పక్క మొక్కల నీడలో పడి కంకి చిన్నదైపోతుంది. చాళ్ళలో ఎగుడుదిగుడుగా లేచిన పైరుకు తర్వాత యూరియా ఎంత వేసినా ఆ తేడా పూడదు.

కొనేటప్పుడు చూడాల్సినవి

ఈ కాగితానికి ఉండే పెద్ద జబ్బు ఏమిటంటే, నాసిరకం కాగితం తానే విషమవుతుంది. పాత కాగితం తిరిగి గుజ్జు చేసి తయారుచేసిన దాంట్లో రంగులూ బ్లీచింగ్ రసాయనాలూ మిగిలిపోతాయి. అలాంటి దాని మీద మంచినీళ్ళతోనే మొలకెత్తించినా వేరు పొట్టిగా ఉంటుంది, కొస రంగు మారుతుంది, వేరు మీద నూగు కనపడదు, వేరు కాగితాన్ని అంటుకోకుండా పైకి లేచి వంకర పోతుంది. ఇవన్నీ కలుపు రసాయనం చేసే పనుల్లాగే ఉంటాయి. మామూలు మొలక పరీక్షలో ఈ లోపం కొంత దాగుతుంది గానీ కలుపు నీళ్ళ పరీక్షలో మొత్తం లెక్కనే తారుమారు చేస్తుంది.

దీనికి మందు తేలిక. కొత్త కట్ట రాగానే అందులోంచి మూడు షీట్లు, ఇంతకుముందు బాగా పనిచేసిన కట్టలోంచి మూడు షీట్లు తీసి, ఒకే సంచీలోని 50 సజ్జ గింజలు చొప్పున మంచినీళ్ళతో చుట్టి పెట్టండి. మూడో రోజు వేర్లు పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. మొక్కజొన్నతో ఈ పరీక్ష చేయొద్దు. పెద్ద గింజ తన నిల్వతో నెట్టుకొస్తుంది, చిన్న గింజే ముందు చిక్కిపోతుంది. పాత కట్ట లేకపోతే కడిగి ఎండబెట్టిన ఇసుకలో మొలిపించిన సజ్జతో పోల్చినా చాలు. కాగితం పీహెచ్ 6.0 నుంచి 7.5 మధ్య ఉండాలి. ప్యాకెట్ మీద ఆ మాటే రాయని సరుకు వద్దు. ఒక షీటును 24 గంటలు నానబెట్టి ఒక మూల పట్టుకుని ఎత్తితే ఊడిరాకూడదు.

న్యూస్ పేపర్, టిష్యూ పేపర్ ఈ పనికి వద్దు. మొదటి దాంట్లో సిరా, రెండోదాంట్లోకి వేరు చొచ్చుకుపోయి విడదీస్తే తెగిపోతుంది. తడి గోనెలో గింజలు చుట్టి మొలక చూసుకునే పద్ధతి మొలక శాతానికి భేషుగ్గా పనిచేస్తుంది, దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ కొత్త గోనెలో జనపనార మిల్లులో పట్టించిన నూనె ఉంటుంది, పాత గోనెలో ఏ ఎరువు పోశారో తెలియదు. కలుపు నీళ్ళ పరీక్షకు అది పనికిరాదు.

ఒక కలుపు, ఒక పంటకు ఎన్ని షీట్లు కావాలి? మంచినీళ్ళు ఒకటి, నాలుగు గాఢతలు, ఉప్పు నీళ్ళు ఒకటి (ఎందుకో కిందికొస్తే తెలుస్తుంది), మొత్తం ఆరు రకాలు. ఒక్కో రకానికి నాలుగు చుట్టలు, చుట్టకు మూడు షీట్లు. 72 షీట్లు. వంద షీట్ల కట్ట ఒకటి తీసుకుంటే 28 మిగులుతాయి, చెడిపోయిన వాటికి బదులు వాడుకోవచ్చు. వీటితో పాటు పైన చుట్టడానికి 24 పాలిథిన్ ముక్కలు, రబ్బరు బ్యాండ్లు, గ్రాముల త్రాసు, నీళ్ళ లవణాలు చూసే టీడీఎస్ పెన్ను.

కలుపు నీళ్ళు తీయడం

చేతికి గ్లౌజులు, ముక్కుకు మాస్కు లేకుండా వయ్యారిభామ ముట్టొద్దు. పార్థెనిన్ చర్మానికి పడదు, ఎండు ఆకు దుమ్ము ఊపిరికి పడదు. వంటింటి మిక్సీ అసలే వద్దు.

పూతకొచ్చిన మొక్కల్ని పీకి మట్టి దులిపి, ఆకు, కాడ, వేరు విడివిడిగా నీడలో వారం ఆరబెట్టాలి. ఎండలో పెడితే ఆవిరయ్యేవి పోతాయి. ఆకు భాగంలో ప్రభావం ఎక్కువ, వేరులో తక్కువ. మూడూ కలిపేస్తే ఏది ఏం చేసిందో తెలియదు. ఎండిన ఆకును చేత్తో నలిపితే చాలు, మెత్తటి పొడి చేయకూడదు. పొలంలో ఆకు పొడిగా మారి నేలలో కలవదు. పొడి చేసినకొద్దీ లేని బలం వస్తుంది.

50 గ్రాముల ఎండు ఆకు, ఒక లీటరు నీళ్ళు. 24 గంటలు గది వేడిలో నానబెట్టి, మధ్యలో మూడుసార్లు కలపాలి. కొందరు తొందర కోసం కాస్తారు. కాచిన నీళ్ళలో వాన ఎప్పటికీ దించలేనివి కూడా దిగుతాయి, అది పరీక్ష కాదు, కషాయం. నాలుగు మడతల పల్చటి గుడ్డలో వడగట్టి, ఆ తర్వాత కాఫీ ఫిల్టర్ కాగితంలో వడగడితే అది 5 శాతం నీళ్ళు. ఇందులో 500 మి.లీ.కి అంతే నీళ్ళు కలిపితే 2.5 శాతం. 200 మి.లీ.కి 800 కలిపితే 1 శాతం. 100 మి.లీ.కి 900 కలిపితే 0.5 శాతం. ఇంత పరిమాణం అక్కర్లేదనుకుంటే అదే పాళ్ళలో తగ్గించుకోండి. అదే రోజు వాడాలి. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు రోజులు దాటితే పులుస్తుంది, పీహెచ్ పడిపోతుంది, అప్పుడు మీరు పరీక్షిస్తున్నది పులుపును.

నీళ్ళు వాన నీళ్ళైనా, ఆర్‌ఓ నీళ్ళైనా ఉండాలి. బోరు నీళ్ళలోని లవణాలు ఫలితంలో కలిసిపోతాయి.

చుట్టడం

మూడు షీట్లను పొడిగా తూకం వేసి, ఆ బరువుకు రెండున్నర రెట్లు కలుపు నీళ్ళు పట్టించాలి. ఉదాహరణకు మూడూ కలిపి 30 గ్రాములుంటే 75 మి.లీ. కళ్ళతో చూసి ‘తడిసింది’ అనుకోవడం ఈ పరీక్షలో ఎక్కువమంది చేసే తప్పు. కాగితం మీద నీళ్ళు మెరుస్తుంటే గింజ చుట్టూ పొర కట్టి గాలి ఆడదు. అలా కుళ్ళిన గింజల్ని కలుపు ఖాతాలో రాసేస్తారు.

రెండు షీట్లు కింద పరిచి గింజలు పేర్చి, మూడోది పైన కప్పాలి. వరి, జొన్న, సజ్జ చుట్టకు 50. మొక్కజొన్న 25 చాలు, అయితే చుట్టలు రెట్టింపవుతాయి, కాగితమూ అంతే. మొక్కజొన్న గింజ మొనదేలిన కొసను కిందికి పెడితే వేరు తిన్నగా దిగుతుంది, కొలవడం తేలిక. అడుగున రెండు సెంటీమీటర్లు పైకి మడిస్తే గింజలు జారవు. చుట్ట వదులుగా ఉండాలి, బిగిస్తే వేరు అణిగి పొట్టిదవుతుంది. పేరు పెన్సిల్‌తోనే రాయాలి. పెన్ను సిరా తడికి కరిగి గింజ దాకా పోతుంది.

చుట్టల్ని పాలిథిన్‌లో చుట్టి బకెట్లో నిలబెట్టాలి. మామూలు మొలక పరీక్షలో కొందరు బకెట్ అడుగున కాస్త నీళ్ళు పోస్తారు. ఇక్కడ అలా చేస్తే పరీక్ష చెడినట్టే. కాగితం కింది నీళ్ళను పీల్చుకుంటుంది, 5 శాతం చుట్ట నుంచి రసం కిందికి దిగి మంచినీళ్ళ చుట్టలోకి ఎక్కుతుంది. అడుగు పొడిగా ఉండాలి. మధ్యలో ఆరితే మంచినీళ్ళే చిలకరించాలి. ఆవిరైంది నీళ్ళే, రసాయనం కాదు. మళ్ళీ కలుపు నీళ్ళు పోస్తే గాఢత పెరిగిపోతుంది.

వేడి సంగతి: జొన్నకూ మొక్కజొన్నకూ 25 డిగ్రీలు, వరికి 25 నుంచి 30, గోధుమకు 20. మన ఊళ్ళలో ఏప్రిల్, మే నెలల్లో గదిలో చేసే పరీక్షను నమ్మొద్దు. వేడికి మంచినీళ్ళ చుట్టే సరిగా మొలవదు. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఏసీ లేకుండానే గది వేడి చాలావరకు సరిపోతుంది.

మొదటి లెక్క సజ్జకు 3వ రోజు, జొన్న, మొక్కజొన్న, గోధుమలకు 4వ రోజు, వరికి 5వ రోజు. చివరి లెక్క సజ్జ, మొక్కజొన్నకు 7వ రోజు, గోధుమకు 8, జొన్నకు 10, వరికి 14. ఈ పరీక్షలో మొదటి లెక్కకే విలువ ఎక్కువ. చివరి రోజుకల్లా వెనకబడ్డవి కూడా అందుకుంటాయి, తేడా చెరిగిపోతుంది.

నాలుగో రోజు జొన్న చుట్ట విప్పితే ఏం కనిపిస్తుందో చూద్దాం. మంచినీళ్ళ చుట్టలో వేరు తెల్లగా, తిన్నగా కిందికి దిగి ఉంటుంది. కొస నుంచి కాస్త పైన మొదలై తెల్లటి నూగు, పత్తి పీచులా కాగితాన్ని పట్టుకుని ఉంటుంది. మొలకను లాగితే కాగితం కూడా లేస్తుంది. 5 శాతం వయ్యారిభామ చుట్టలో ఆకు మొలక ఎత్తు చూస్తే మరీ తీసిపోయినట్టు ఉండదు. కిందికి చూడండి. వేరు పొట్టిది, కొస మంటకు చూపినట్టు గోధుమ రంగు, కొస పైన ఉబ్బి చిన్న గదలా, నూగు లేదు. లాగితే పట్టు లేకుండా చేతికొచ్చేస్తుంది. రసాయనం ముందు తాకేది వేరునే కాబట్టి దెబ్బ అక్కడే పడుతుంది. మట్టిలో ఇదే మొక్క మూడు రోజులు వాన ఆలస్యమైతే తలవాల్చేస్తుంది. ఈ దృశ్యాన్ని ఇంత శుభ్రంగా చూపించినందుకే ఈ కాగితానికి నాలుగు మార్కులు.

కొలవడానికి చుట్టకు పది మామూలు మొలకల్ని ఎంచకుండా వరసగా తీసుకోవాలి. వేరు పొడవు, మొలక పొడవు స్కేలుతో. మొలక శాతాన్ని వేరూ మొలకా కలిపిన మొత్తం పొడవు (సెంటీమీటర్లలో) తో గుణిస్తే వచ్చేది విగర్ ఇండెక్స్, అంటే మొలక సత్తువను చెప్పే అంకె. 92 శాతం మొలక, 24 సెం.మీ. పొడవైతే 2,208. శాతంలో దొరకని తేడా ఇందులో దొరుకుతుంది. నాలుగు చుట్టలంటే 200 గింజలే. 90 శాతం దగ్గర మొలిచే విత్తనంలో ఐదారు శాతం తేడా వట్టి యాదృచ్ఛికంగానే రావచ్చు, దాన్ని పట్టించుకోవద్దు.

ఒక తమాషా కూడా ఉంది. 0.5 శాతం చుట్టలో వేరు మంచినీళ్ళ దానికంటే పొడుగ్గా రావచ్చు. పొరపాటు కాదు. ఇలాంటి రసాయనాలు చాలావరకు బాగా పల్చగా ఉన్నప్పుడు పెరుగుదలను ఎగదోస్తాయి. ఆ ఒక్క చుట్ట చూసి వయ్యారిభామ నీళ్ళు టానిక్ అని చాటింపు వేయకుండా ఉంటే చాలు.

జొన్నతో పరీక్ష చేసేవాళ్ళకు ఇంకో హెచ్చరిక. జొన్న తానే తక్కువది కాదు. వేరు నూగు నుంచి పసుపు రంగు జిడ్డు బొట్లుగా సోర్గోలియోన్ వదులుతుంది. కాగితం మీద పసుపు మరక కనిపిస్తే అది కలుపు పని అనుకోవద్దు. ఈ గుణాన్నే వాడుకుని పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్ శాస్త్రవేత్తలు జొన్న కాడల నీళ్ళను సోర్గాబ్ పేరుతో గోధుమలో కలుపు తగ్గించడానికి పరీక్షించారు.

ఎక్కడ మోసపోతాం

ఉప్పు. ఇదే అన్నిటికంటే పెద్దది. ఎండు ఆకు నానబెట్టిన నీళ్ళలో పొటాషియం వగైరా లవణాలు దండిగా దిగుతాయి. 5 శాతం నీళ్ళలో టీడీఎస్ పెన్ను పెట్టి చూడండి, అంకె ఎక్కడికి ఎగబాకుతుందో. ఉప్పెక్కువైన నీళ్ళను గింజ సరిగా పీల్చుకోలేదు, దాంతో మొలక ఆలస్యమవుతుంది. అందులో అల్లెలోపతి ఏమీ లేదు. అందుకే ఆరో రకం: తెల్ల పొటాష్‌ను ఆర్‌ఓ నీళ్ళలో కరిగించి, 5 శాతం కలుపు నీళ్ళ టీడీఎస్ అంకెకే తెచ్చి దాంతో నాలుగు చుట్టలు. ఎర్ర పొటాష్‌లో కరగని మడ్డి ఉంటుంది, వద్దు. ఉప్పు చుట్టకూ కలుపు చుట్టకూ తేడా లేకపోతే ఆ గాఢతలో మీరు చూసింది ఉప్పు ప్రభావమే. ఈ జాగ్రత్త లేని ఫలితాన్ని ఎవరు చూపించినా సగమే నమ్మండి.

బూజు. ఆకు నీళ్ళలో చక్కెరలుంటాయి, మూడో రోజుకల్లా గింజల మీద తెల్లగా లేస్తుంది. అలా కుళ్ళిన గింజను రసాయనం చంపిందని లెక్కేయకూడదు. పోనీ అని షాపులో దొరికే రంగు పట్టించిన విత్తనం వాడితే, దానికున్న శిలీంధ్రనాశిని బూజునైతే ఆపుతుంది గానీ, గింజ పూతే వేరు మీద ఏదో ఒకటి చేస్తుంది. మందు పట్టించని గింజనే తీసుకుని, ప్రతి చుట్టకు ముందు చేతులూ బల్లా శుభ్రం చేసుకోవడం మేలు.

నిద్రావస్థ. కొత్తగా కోసిన వరి గింజ చాలా రకాల్లో కొన్ని వారాలు మొలవదు. ఆ గింజతో పరీక్ష పెట్టి కలుపును తిట్టడం అన్యాయం. మంచినీళ్ళ చుట్టలో వరి 80, జొన్న, సజ్జ 75, గోధుమ 85 శాతం దాటకపోతే ఆ పరీక్షను పక్కన పడేసి వేరే విత్తనం తీసుకోండి. ఇవి విత్తన ధ్రువీకరణలో అడిగే కనీస అంకెలే.

ఇక అసలు లెక్క

కాగితం మీద 5 శాతం, 10 శాతం నీళ్ళతో గింజల్ని చంపడం తేలిక. పొలంలో ఆ గాఢత వస్తుందా? ఎకరం 4,047 చదరపు మీటర్లు. పై 10 సెంటీమీటర్ల మట్టి సుమారు 405 ఘనపు మీటర్లు, ఘనపు మీటరుకు 1.4 టన్నుల చొప్పున 567 టన్నులు. ఎకరాకు 4 టన్నుల పచ్చి వయ్యారిభామ ఉందనుకుందాం. అందులో ఐదో వంతు ఎండు పదార్థమైతే 800 కిలోలు. మట్టిలో తేమ 20 శాతం ఉంటే నీళ్ళు 113 టన్నులు. ఆ 800 కిలోల్లోంచి దిగేదంతా ఒకేసారి దిగినా 0.7 శాతం నీళ్ళతో సమానం. అందుకే 0.5, 1 శాతం చుట్టలే పొలానికి దగ్గర. 5 శాతం చుట్ట, రసాయనం ఉందో లేదో చెప్పడానికి మాత్రమే.

అయితే ఈ లెక్కకు ఒక మెలిక ఉంది. అదే కలుపును దున్నకుండా కోసి నేల మీదే వదిలేసి, చిన్న వాన పడి రసమంతా పై 2 సెంటీమీటర్లలో ఆగిందనుకోండి. అక్కడి నీళ్ళు 22.7 టన్నులే, గాఢత 3.5 శాతం అవుతుంది. సజ్జ, కొర్ర, పొడి దుక్కిలో వెదజల్లిన వరి గింజలు ఉండేది ఆ పొరలోనే. వరి మాగాణుల్లో దున్నకుండా వేసే జీరో టిల్లేజ్ మొక్కజొన్నకు ఈ బెడద కొంత తక్కువ, గింజ 4–5 సెం.మీ. లోతులో పడుతుంది కాబట్టి. పెద్ద వాన పడితే ఇంకా పల్చబడుతుంది. దమ్ము చేసి నీళ్ళు నిలిపిన మడిలో దాదాపు కొట్టుకుపోతుంది. బంకమట్టి ఈ రసాయనాల్ని పట్టి ఉంచుకుంటుంది, సూక్ష్మజీవులు తినేస్తాయి. పార్థెనిన్ మామూలు నేలలో కొన్ని రోజుల్లోనే విరిగిపోతుంది. కాబట్టి పైన చెప్పిన అంకెలు రెండూ గరిష్ఠాలు. కాగితానికి బంకమట్టీ లేదు, సూక్ష్మజీవులూ పెద్దగా లేవు. ఆ కారణంగానే పోయింది సగం మార్కు.

ఈ లోటును పూడ్చేది 98 గుంతల ప్రోట్రే, నారు పెంచే ప్లాస్టిక్ ట్రే. కాగితం పరీక్షలో దెబ్బ కనిపిస్తేనే దీని దాకా రండి. ఒకే పొలంలో కలుపు దట్టంగా ఉన్న చోట నుంచి, ఏడెనిమిది అడుగుల దూరంలో కలుపు లేని చోట నుంచి పై 5 సెం.మీ. మట్టి తెచ్చి, అదే రోజు 49 గుంతల్లో ఒకటి, 49లో ఇంకోటి నింపాలి. మట్టిని ఎండబెట్టి వారం ఉంచితే చూడాల్సింది పోతుంది. కొబ్బరి పొట్టు కలపొద్దు. గుంతకు ఒక గింజ, 2 సెం.మీ. లోతు. పది రోజుల తర్వాత వేరు కడిగి చూడాలి. రెండు వైపులా ఒకేలా ఉంటే కాగితం ఏం చెప్పినా ఆ పొలానికి ఆ కలుపు నుంచి రసాయనపు బెడద లేదు. పోటీ బెడద ఎలాగూ ఉంటుంది, మొక్కజొన్న, జొన్నల్లో మొదటి 30–45 రోజులు కలుపు తీయాల్సిందే.

ప్రోట్రేలో ఆకు పసుపు పచ్చగా మారితే తొందరపడొద్దు. పచ్చి చెత్త కుళ్ళేటప్పుడు సూక్ష్మజీవులు నత్రజనిని తమకోసం లాక్కుంటాయి. కలుపు వైపు సగం గుంతలకు లీటరుకు ఒక గ్రాము యూరియా కలిపిన నీళ్ళు పోయండి. నాలుగైదు రోజుల్లో పచ్చబడితే అది ఆకలి, విషం కాదు. ఆక్వేరియం షాపులో దొరికే యాక్టివేటెడ్ చార్‌కోల్‌ను మట్టిలో కలిపి చూసే పద్ధతి కూడా ఉంది, రసాయనాన్ని అది పీల్చేస్తుంది. కానీ పోషకాల్ని కూడా తారుమారు చేస్తుంది గనక దాని ఒక్కదాని మాట మీద నిలబడొద్దు.

పెట్రీ డిష్ (ల్యాబుల్లో వాడే మూత ఉన్న గుండ్రటి పళ్ళెం) గురించి రెండు ముక్కలు. 9 సెం.మీ. డిష్‌లో సజ్జ, కొర్ర 25 గింజలు హాయిగా పడతాయి, 5 మి.లీ. నీళ్ళు చాలు. మొక్కజొన్న వేరు రెండో రోజుకే గోడకు తగిలి చుట్టలు తిరుగుతుంది, అక్కడ కొలిచే పొడవుకు అర్థం లేదు. మొలక శాతానికి డిష్, వేరుకు పేపర్.

ఏ కలుపుతో మొదలుపెట్టాలంటే, మెట్టలో వయ్యారిభామ, మొండిగా ఉన్న చోట తుంగ, గరిక. తుంగకు గడ్డలు కూడా నానబెట్టి చూడాలి. గట్టు మీది సర్కారు తుమ్మ కింద ఏదీ మొలవదని అందరికీ తెలిసిందే, ఆకు రాలిన మట్టితో ప్రోట్రే పెట్టి చూస్తే దాంట్లో నీడ వాటా ఎంతో రసాయనం వాటా ఎంతో విడిపోతుంది. జొన్న చేలల్లోని గునుగు కూడా పరీక్షకు తగిందే. బతుకమ్మకు పూలు కోసుకున్నాక మొక్కను చేలోనే వదిలేస్తాం కదా, ఆ ఎండు మొక్కనే నానబెట్టి చూడొచ్చు.

వయ్యారిభామను పూత రాకముందే కోసి దున్నేసిన పొలంలో ఎప్పుడు విత్తాలన్నది ఈ సరంజామా తీర్చే అసలు ప్రశ్న. దున్నిన రోజు, 7వ రోజు, 14వ రోజు, 21వ రోజు మట్టి తెచ్చి ప్రోట్రేలో ఒక్కో వరస వేసుకోండి, పక్కన కలుపు లేని మట్టి వరస ఒకటి. మధ్యలో ఒక తడి ఇచ్చుంటే విత్తడానికి ఆగాల్సిన గడువు తగ్గుతుంది, వట్టి పొడి దుక్కి అయితే పెరుగుతుంది. ఏ వారం మట్టిలో వేరు పక్క వరస వేరుతో సమానంగా, నూగుతో మట్టిని పట్టుకుని వస్తుందో, ఆ వారం పదును చూసుకుని గొర్రు కట్టొచ్చు.